పాత గచ్చు ఇంట్లో వాన పడితే లేచే పిల్లుల మూత్రపు వాసన: నేల తవ్వక తప్పదా?

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. మా పిన్నిగారు గత ఏడాది కాలం చేశాక పర్లాకిమిడిలోని వారి ఇల్లు మాకు సంక్రమించింది. ఈ ఊరు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, అంటే 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రం కాక ముందే, కట్టిన ఇల్లు అది. మందపాటి ఇటుక గోడలకు సున్నపు పూత, గుగ్గిలం దూలాలు, పెంకు కప్పు, నడవలోనూ రెండు గదుల్లోనూ నున్నటి సున్నపు గచ్చు ఉన్నాయి. గాదెల్లో ధాన్యం ఉన్న కాలంలో ఎలుకల బాధకని పిన్నిగారు ఒక పిల్లిని చేరదీశారు. అది పెరిగి పెరిగి ఎనిమిది, తొమ్మిది పిల్లుల సంసారమైంది. చివరి మూడేళ్ళు ఆమె మంచాన పడటంతో వాటిని చూసేవారు లేక, దొడ్డివైపు కొట్టుగదినీ, దాని పక్క నడవనూ అవి మూత్రశాల చేసుకున్నాయి. ఇప్పుడు మిగిలింది ఒక్క ముసలి గండుపిల్లి మాత్రమే. పిన్నిగారికి అదంటే ప్రాణం కాబట్టి దాన్ని వదిలిపెట్టే ఆలోచన మాకు లేదు.

మాఘం నుంచి వైశాఖం దాకా వాసన చాలా తక్కువగా ఉండి, సమస్య తీరిపోయిందనే అనుకున్నాం. తొలకరి పడగానే మళ్ళీ మొదలైంది. వాన కురిసి తలుపులు మూసిన సాయంత్రాల్లో నవాసారపు ఘాటూ, కుళ్ళిన ఉల్లిపాయ లాంటి మరో వాసనా కలిసి గది నిండా పరుచుకుంటాయి. మా అమ్మగారికి ఎనభై రెండేళ్ళు, ఉబ్బసం ఉంది. ఆ గది పక్కన పడుకుంటే రాత్రంతా దగ్గుతున్నారు.

నెల రోజులు నల్ల ఫినాయిలుతో తుడిపించాను. ఒకసారి బ్లీచింగ్ పౌడరు చల్లించాను. సాంబ్రాణి, కర్పూరం వెలిగించాను. చివరికి వరలక్ష్మీ వ్రతానికి ముందు కొట్టుగదికి సున్నం కొట్టిస్తే, ఆ రాత్రి వాసన తగ్గకపోగా కళ్ళ వెంట నీళ్ళు కారేంత ఘాటుగా లేచింది. సున్నం శుభ్రం చేస్తుందని చిన్నప్పటి నుంచి విన్నదానికి ఇది పూర్తిగా విరుద్ధంగా ఉంది. తెలిసినవారొకరు వెనిగరుతో కడగమంటున్నారు. టైల్స్ అమ్మే దుకాణంవారు గచ్చు మీద సిమెంటు వేసి టైల్స్ పరిచేస్తే వాసన కిందే ఉండిపోతుందంటున్నారు.

వాసన నేలలో ఉందా, గోడలో ఉందా అన్నది ఎలా తేల్చుకోవాలి? నేల తవ్వక తప్పదా? అమ్మకూ, ఆ పిల్లికీ హాని లేని పద్ధతి ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


జవాబు 1 (బరంపురం, గంజాం జిల్లా, పాత ఇళ్ళ మరమ్మతు పని)

అమ్మా, ముందుగా రెండు పనులు ఆపండి. వెనిగరు వాడకండి, టైల్స్ వేయించకండి.

సున్నపు గచ్చుకు పులుపు శత్రువు. వెనిగరైనా, నిమ్మరసమైనా, మరుగుదొడ్డి కడిగే ఆమ్లమైనా సున్నంతో కలిసి నురగ కక్కుతుంది. ఆ నురగలో కరిగిపోయేది మీ గచ్చే. తాతలనాడు నెలల తరబడి తడిపి, కొట్టి, రుద్ది తెచ్చిన నునుపు ఒక్క పూటలో పోతుంది. నునుపు పోయిన చోట సన్నని రంధ్రాలు తెరుచుకుని, తర్వాత ఏ తడి పడినా ఇంకా లోతుకు దిగుతుంది. ఇంటర్నెట్టులో కనిపించే వెనిగరు చిట్కాలు గట్టి పలకల నేలలకూ, ప్లాస్టిక్ పరుపు నేలలకూ రాసినవి. కడప రాయి, నాపరాయి, పాలరాయి ఉన్నవారికి కూడా అవి పనికిరావు, ఎందుకంటే అవన్నీ సున్నపురాయి జాతివే.

ఇక వాసన ఎక్కడుందో తేల్చుకోవడం గురించి రాస్తాను. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది మొత్తం గది తవ్వించాలన్న భయంతో వస్తారు, తీరా చూస్తే అసలు చోటు మంచం వైశాల్యం కూడా ఉండదు. అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి దొరుకుతుంది, 365 నానోమీటర్లదైతే మేలు. రాత్రి దీపాలన్నీ ఆర్పి నేలకు అడుగు ఎత్తున పట్టుకుని చూస్తే మూత్రం ఎండిన చోట్లు పసుపుపచ్చగా, కొన్నిచోట్ల ఆకుపచ్చగా మెరుస్తాయి. సుద్దముక్కతో ఆ చోట్ల చుట్టూ గీత గీయండి. అయితే బట్టల సబ్బు పొడి ఒలికిన చోటు కూడా మెరుస్తుంది, కొన్ని సున్నపు పూతలూ మెరుస్తాయి, కాబట్టి ముక్కుతో నిర్ధారించుకోవాలి. గోరువెచ్చని నీళ్ళలో పిండిన గుడ్డను గీసిన చోట అయిదు నిమిషాలు పరిచి, తీసి, దగ్గరగా వాసన చూడండి. రెండు మూడు నిమిషాలకే మన ముక్కు ఆ వాసనకు అలవాటు పడి మొద్దుబారుతుంది కనుక మధ్యమధ్య బయటికి వెళ్ళి రండి, లేదా ఆ ఇంట్లో ఉండని మనిషి చేత చూపించండి. గోడలను మోకాలి ఎత్తు వరకూ, ద్వారబంధాల అడుగులను నాలుగు వైపులా తప్పకుండా చూడండి. గండుపిల్లి నేల మీద పోయడమే కాదు, నిలబడి వెనక్కి గోడకు చిమ్ముతుంది కూడా. నేలంతా కడిగి గోడను మరిచిపోయి మళ్ళీ మొదటికొచ్చిన ఇళ్ళను నేను చాలా చూశాను.

గచ్చు కింద ఏముందో కూడా మీకు తెలియాలి. పైన వేలి మందాన నున్నటి పూత, దాని కింద సున్నంలో కలిపి దిమ్మిసతో కొట్టిన ఇటుక కంకర, ఆ కింద ఇసుక, మట్టి ఉంటాయి. పూత పగలకుండా ఉంటే మూత్రం చాలావరకు పైనే ఆగుతుంది. పగుళ్ళు ఉంటే అది కంకరలోంచి ఇసుకలోకి దిగి, పైన పిడికెడంత మచ్చ ఉన్నా కింద చాటంత మేర పాకుతుంది. మీ ఊరు 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను దెబ్బ తిన్నదే కదా. అప్పుడు పెంకులు లేచి కొట్టుగదిలోకి నీళ్ళు దిగి ఉంటే గచ్చు ఎక్కడో ఒకచోట పొంగి పగిలే ఉంటుంది. నాణెంతో నేలను తట్టుతూ వెళ్ళండి, గట్టిగా కాక డొల్లగా మోగిన చోట గుర్తు పెట్టండి. సుద్దగీతా, డొల్ల మోతా ఒకేచోట కలిస్తే అక్కడ మాత్రం తవ్వక తప్పదు. మిగిలిన చోట్లకు కడుగుడు సరిపోతుంది.

తవ్వేటప్పుడు మచ్చ అంచు నుంచి జానెడు ఎక్కువగా చతురస్రంగా గీసి, ఉలితో కోసి, కంకర తీసి, కింది మట్టిని వాసన రాని దాకా ఎత్తి పారేయించండి. గుంటను నాలుగైదు రోజులు గాలికి వదిలేసి, ఏటి ఇసుక నింపి, ఇటుక కంకర, సుర్కీ (ఇటుక పొడి), గానుగ సున్నంతో తిరిగి గచ్చు వేయించాలి. గానుగ సున్నం దొరక్కపోతే కనీసం పది, పదిహేను రోజులు నీళ్ళలో నానిన సున్నం వాడండి. అతుకు మీద గోనెపట్టా కప్పి మూడు వారాలు తడుపుతూ ఉండాలి. తొందరపడి సిమెంటు వేయించకండి. సిమెంటు ఊపిరి తీసుకోదు. కింది చెమ్మ పైకి రాలేక పక్కకు మళ్ళి గోడల్లోకి ఎక్కుతుంది, దానితోపాటే వాసనా ఎక్కుతుంది. టైల్స్ విషయంలోనూ జరిగేది ఇదే.


జవాబు 2 (గుణుపురం, రాయగడ జిల్లా)

పై మాటకు మా ఇల్లే సాక్ష్యం. రెండు కుక్కలు పెంచినవారి దగ్గర పాత ఇల్లు కొని, వాసన అణగుతుందని చెప్పగా వసారా అంతా సిమెంటు వేసి టైల్స్ పరిచాం. మొదటి వేసవి బాగానే గడిచింది. రెండో వానాకాలానికి గోడల అడుగున రెండడుగుల మేర సున్నం ఉబ్బి రాలడం మొదలైంది, తెల్లటి ఉప్పు పొంగింది, వాసన ఇదివరకటి కంటే ఎక్కువైంది. చివరికి టైల్స్ పగలగొట్టి, మీకు చెప్పిన పనే చేయించాల్సి వచ్చింది. రెండు ఖర్చులూ మీరు పెట్టకండి.


జవాబు 3 (జయపురం, కోరాపుట్ జిల్లా, విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు)

సున్నం కొట్టాక వాసన ఎందుకు పెరిగిందని అడిగారు. ఇది బడి ప్రయోగశాలలో నేను ఏటా చేసి చూపించిన విషయమే. నవాసారాన్ని, అంటే అమ్మోనియం క్లోరైడును, తడిసున్నంతో కలిపి వేడి చేస్తే అమ్మోనియా వాయువు బయటికొస్తుంది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. అందులో కొంత గాలిలో కలిసిపోతే, కొంత లవణంగా మారి గోడలోనూ గచ్చులోనూ నిలిచిపోతుంది. కొత్త సున్నం తీవ్రమైన క్షారం కాబట్టి ఆ లవణాలను ఒక్కసారిగా విడగొట్టి, దాగి ఉన్న అమ్మోనియానంతా వెళ్ళగొట్టింది. అంటే మీ సున్నం చెడు చేయలేదు, మీరు కడగక ముందే దాన్ని కొట్టించారు. ముందు లవణాలను తీసేసి, ఆ తర్వాత కిటికీలు తెరిచి ఉంచి సున్నం కొట్టిస్తే ఇంత ఘాటు లేవదు. అమ్మగారిని మాత్రం ఆ రెండు మూడు రోజులు వేరే గదిలో కాదు, వేరే ఇంట్లోనే ఉంచండి. ఉబ్బసం ఉన్నవారికి అమ్మోనియా చాలా చెరుపు.

వానాకాలంలోనే వాసన తిరిగి రావడానికి కారణం కూడా లవణాలే. గోడలో నిలిచిన అమ్మోనియాలో కొంత భాగాన్ని మరో రకం సూక్ష్మజీవులు ఏళ్ళ తరబడి నైట్రేటుగా మారుస్తాయి. పశువుల సాలల గోడల మీద తెల్లగా పూసే ఉప్పు అదే. పూర్వం మందుగుండుకు పెట్లుప్పును ఇలాంటి మట్టినుంచే తీసేవారు. సున్నపు గోడలో అది కాల్షియం నైట్రేటుగా ఉంటుంది. గాలిలో చెమ్మ పెరిగితే ఆ ఉప్పు నీటిని లాక్కుని తనలో తానే కరుగుతుంది, గోడకు చెమట పట్టినట్టవుతుంది. ఆ తడిలో సూక్ష్మజీవులు మళ్ళీ మేల్కొంటాయి, ఎండిన వాసనలు మళ్ళీ గాలిలోకి లేస్తాయి. వేసవిలో తగ్గినట్టు కనిపించడం అందుకే.

మీరు చెప్పిన ఉల్లిపాయ లాంటి వాసన మాత్రం అమ్మోనియాది కాదు. పిల్లుల మూత్రంలో ఫెలినిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, వృషణాలు తీసే శస్త్రచికిత్స జరగని గండుపిల్లుల్లో మరీ ఎక్కువ. దాని తయారీని పిల్లి మూత్రపిండాల్లో పుట్టే కాక్సిన్ అనే ప్రొటీను నడిపిస్తుందని 2006లో జపాను శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఫెలినిన్ మెల్లగా విడిపోయినప్పుడు గంధకం కలిగిన పదార్థాలు వెలువడతాయి. వాటిని మన ముక్కు అతి స్వల్ప మోతాదులోనే పట్టేస్తుంది. నీళ్ళతో, సబ్బుతో ఎంత కడిగినా ఆ గండు వాసన మిగిలేది ఇందుకే.

కాబట్టి పని మూడు దశలుగా జరగాలి. మొదట ఉప్పు తీయాలి. నేలను మామూలు నీళ్ళతో రెండు మూడుసార్లు తుడిచి, ఆ నీటిని ప్రతిసారీ గుడ్డతో పూర్తిగా పీల్చి తీసేయండి, కడిగి తూముకేసి నెడితే పగుళ్ళలోకే దిగుతుంది. గోడకు ముల్తానీ మట్టిని నీళ్ళతో ముద్దగా కలిపి అంగుళం మందాన పట్టించండి. అది నిదానంగా ఎండుతూ లోపలి తడినీ, దానిలో కరిగిన ఉప్పునూ తనలోకి లాక్కుంటుంది. ఎండి పగుళ్ళు తేలాక ఒలిచి పారేసి మళ్ళీ పట్టించండి, మూడు నాలుగు విడతలు కావాలి. బావి నీళ్ళలో సొంత ఉప్పులుంటాయి, వాననీళ్ళు పట్టి వాడితే మేలు. ఇది మాత్రం పొడి వాతావరణంలో చేయాల్సిన పని. భాద్రపదంలో మొదలుపెడితే ఆ మట్టి ఎండదు, బూజు పడుతుంది.

రెండో దశ ఎంజైము ద్రావణం. పెంపుడు జంతువుల మూత్రం కోసమే అమ్మేవి ఆన్‌లైనులో దొరుకుతాయి. వాటిలోని ఎంజైములు, మేలుచేసే సూక్ష్మజీవులు మూత్రపు శేషాలను తినివేస్తాయి. అందరూ చేసే పొరపాటు పైపైన చల్లి తుడిచేయడం. మూత్రం ఎంత లోతు దిగిందో ద్రావణమూ అంత లోతు దిగాలి, దిగాక తడిగా ఉండాలి. బాగా తడిపి, ప్లాస్టిక్ పట్టా కప్పి, ఒక రోజంతా వదిలి, తర్వాత గాలికి ఆరనివ్వండి. మీరు ఇంతకుముందు ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు వాడారు కాబట్టి వాటి ఆనవాలు లేకుండా కడిగాకే ఇది మొదలుపెట్టండి, లేకపోతే ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కొత్త సున్నం మీద కూడా ఇది పనిచేయదు, వ్రతానికి ముందు కొట్టించిన పొరను గీకించేయండి. పాతబడిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి క్షారత తగ్గించుకుని ఉంటుంది, దాని మీద ఇబ్బంది లేదు.

మూడో దశ, గంధకపు వాసన మిగిలితేనే. మందుల దుకాణంలో హైడ్రోజన్ పెరాక్సైడు ఆరు శాతం ద్రావణం దొరుకుతుంది, సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటుంది. దానికి సమానంగా నీళ్ళు కలిపితే మూడు శాతం అవుతుంది. ఆ మూడు శాతం ద్రావణం లీటరుకు పావు కప్పు వంటసోడా, ఒక చెంచా గిన్నెలు తోమే ద్రవసబ్బు కలిపి మచ్చ మీద పోసి, పావుగంట ఉంచి తుడవండి. స్కంకు అనే జంతువు చిమ్మే గంధకపు దుర్వాసన కోసం పాల్ క్రెబామ్ అనే అమెరికా రసాయనవేత్త 1993లో ప్రకటించిన మిశ్రమం ఇది. ఇక్కడా అదే తరహా పదార్థాలు కనుక పనిచేస్తుంది. కలిపింది కలిపినట్టు వాడేయాలి, మూత బిగించి దాచితే ఆక్సిజన్ పుట్టి సీసా పగులుతుంది. రంగు బట్టలనూ, పాలిష్ చేసిన కర్రనూ ఇది వెలిసిపోయేలా చేస్తుంది. చేతి తొడుగులు వేసుకోండి.

ఒక హెచ్చరిక ఉంది, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మూత్రం ఉన్న చోట బ్లీచింగ్ పౌడరు చల్లితే అమ్మోనియాతో కలిసి క్లోరమీన్ అనే విషవాయువు పుడుతుంది. మరుగుదొడ్డి ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ పుడుతుంది. తుఫాను తర్వాత బావుల్లో వేసుకోవడానికి మన ఇళ్ళల్లో బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ ఉంటుంది కనుక చేయి దానిమీదికే పోతుంది. తలుపులు మూసిన కొట్టుగదిలో, అమ్మగారి ఊపిరితిత్తుల స్థితిలో, మళ్ళీ ఎప్పుడూ ఆ పని చేయకండి.


జవాబు 4 (రాయగడ; పశువైద్య విభాగంలో పనిచేసి విరమించినవారు)

మాస్టారు చెప్పిన రసాయనం పక్కన ఆ పిల్లి సంగతి కూడా చూడాలి. గది ఎంత శుభ్రం చేసినా అది మళ్ళీ అక్కడే పోస్తే మీ శ్రమంతా వృథా.

మొదటగా నల్ల ఫినాయిలు ఈ రోజే మానేయండి. అందులో ఉండే ఫినాలు జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్కకు, మనిషికి ఉన్న ఆ ఎంజైము వ్యవస్థ పిల్లికి సరిగా లేదు. తుడిచిన నేల మీద నడిచి, పాదాలు నాకి, అది ఆ విషాన్ని మింగుతుంది. పైన్ నూనెతో చేసే తెల్ల ఫినాయిలు కూడా పిల్లికి మంచిది కాదు. కలరా ఉండలు, కర్పూరం సంగతీ అంతే. పిల్లి రాకుండా మూలల్లో కలరా ఉండలు పడేసే అలవాటు మన వైపు ఉంది, అది ప్రమాదకరం. అమ్మోనియా వాసన ఉండే శుభ్రపరిచే ద్రవాలు వాడితే, అది మరో పిల్లి మూత్రమనుకుని ఇది దాని మీద తనది చిమ్ముతుంది.

రెండోది, అది ముసలిదన్నారు. వయసు మళ్ళిన పిల్లి ఎక్కువ నీళ్ళు తాగి ఎక్కువ పోస్తుంటే మూత్రపిండాల జబ్బు కానీ, మధుమేహం కానీ ఉండవచ్చు. రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. చుక్కచుక్కగా పోస్తూ, మూలుగుతూ, మాటిమాటికీ కూర్చుంటుంటే మూత్రనాళం మూసుకుపోయినట్టు అనుమానించాలి. గండుపిల్లుల్లో ఇది ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది, తెల్లారే దాకా ఆగకూడదు. మీ దగ్గర వసతి లేకపోతే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

దానికి శస్త్రచికిత్స జరిగిందో లేదో మీరు రాయలేదు. జరగకపోతే, ఆరోగ్యం తట్టుకుంటుందని వైద్యులు చెబితే చేయించండి. గోడలకు చిమ్మే గండుపిల్లుల్లో చాలా ఎక్కువ భాగం ఆ తర్వాత చిమ్మడం మానేస్తాయి, మూత్రంలోని ఆ గండు వాసన కూడా తగ్గిపోతుంది.

మూడోది, దానికి వెళ్ళడానికి ఒక చోటు చూపించాలి. వెడల్పాటి తొట్టెలో జల్లించిన ఏటి ఇసుక నాలుగు వేళ్ళ లోతున పోసి, ఒక పిల్లికైనా రెండు తొట్టెలు పెట్టండి. ముసలి కీళ్ళకు ఎక్కడం కష్టం కాబట్టి తొట్టె అంచు ఒకవైపు తక్కువగా ఉండాలి. తిండి పెట్టే చోటికి దూరంగా, జనం తిరగని మూలన ఉంచి రోజూ శుభ్రం చేయండి. పోయరాని చోట పోసినప్పుడు కొట్టడం, ముక్కు దానిలో రాయడం చేయకండి. భయపడిన పిల్లి దాక్కుని ఇంకో మూల వెతుక్కుంటుంది తప్ప మానదు.


ప్రశ్న అడిగినవారి సమాచారం (పర్లాకిమిడి, పుష్యమాసం)

మీ అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, వానలు వెనకపట్టే దాకా ఆగి పని మొదలుపెట్టాం.

టార్చితో చూసిన రాత్రి మాకు నోట మాట రాలేదు. నేల మొత్తం పాడైందనుకున్నాం కానీ, నడవలో మెరిసింది చాలా తక్కువ. కొట్టుగదిలో గాదె ఉండిన మూలన మాత్రం చాప పరిచినంత మేర వెలిగింది. ఆ మూలనే నాణెం డొల్లగా మోగింది. తిత్లీలో అక్కడే పెంకులు లేచాయని పక్కింటివారు చెప్పారు. మేము అసలు అనుమానించని చోటు ఇంకొకటి బయటపడింది. దొడ్డి తలుపు ద్వారబంధం అడుగున రెండు వైపులా, గోడ మీద జానెడు ఎత్తున, ఏళ్ళ తరబడి చిమ్మిన చారలున్నాయి. రోజూ నేల తుడిపించాను కానీ ఆ ద్వారబంధాన్ని ఒక్కనాడూ తుడిపించలేదు.

గాదె మూల తవ్విస్తే గచ్చు కింద జానెడున్నర లోతు దాకా మట్టి నల్లబడి ఉంది. పదకొండు గోనెసంచుల మట్టి బయటికి పోయింది. ఆ గదిలోనే అటక మీద పిన్నిగారి బూరుగుదూది పరుపులు రెండు ఉన్నాయి. వాటిని ఉంచుకోవాలని అమ్మ చాలా ఆశపడ్డారు, ఎండలో వారం వేసి చూశాం, లాభం లేకపోయింది. ఒక పరుపు గలీబు మాత్రం ఉతికి దాచుకున్నాం.

గోడకు ముల్తానీ మట్టి నాలుగు విడతలు పట్టించాను. మొదటి రెండు విడతల మట్టి ఒలిచినప్పుడు లోపలి వైపు తెల్లటి పొరలా ఉప్పు స్పష్టంగా కనిపించింది, నాలుగో విడతకు దాదాపు లేదు. నడవకు ఎంజైము ద్రావణం రెండుసార్లు పట్టించాక, గచ్చుకు ముక్కు ఆనించేంత దగ్గరగా వంగినా ఏమీ తెలియడం లేదు. పెరాక్సైడు మిశ్రమం ద్వారబంధం పక్క గోడకు మాత్రమే వాడాను.

పిల్లికి పరీక్షలు చేయించాం. మూత్రపిండాలు కొంత బలహీనపడ్డాయన్నారు, మత్తు ఇవ్వడం ఈ వయసులో మంచిది కాదని శస్త్రచికిత్స వద్దన్నారు. రెండు ఇసుక తొట్టెల్లో ఒకటి దానికి నచ్చింది, వసారా చివరనున్నది. మూడు వారాలుగా అక్కడికే వెళ్తోంది. అమ్మ ఇప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారు, రాత్రి దగ్గు కూడా తగ్గింది.

మిగిలింది ద్వారబంధం. గుగ్గిలం కర్ర, చెక్కిన పనితనం ఉన్నది, తీసి పారేయడానికి మనసొప్పడం లేదు. కడిగి ఆరబెట్టినా దగ్గరికెళ్తే ఇంకా కొద్దిగా తెలుస్తోంది. కొట్టుగది గోడకు సున్నం ఎప్పుడు కొట్టించవచ్చో కూడా చెప్పండి.


జవాబు (బరంపురం)

అమ్మా, ద్వారబంధం తీయకండి, అలాంటి కర్ర ఇప్పుడు డబ్బు పెట్టినా దొరకదు. అడుగు భాగాన్ని మూరెడు ఎత్తు వరకూ సన్నని ఉప్పుకాగితంతో కర్ర పోగు వెంబడే రుద్దించి, పది రోజులు ఎండనివ్వండి. తర్వాత స్పిరిటులో కరిగించిన లక్క పాలిష్ మూడు పూతలు, ఒక్కొక్క పూత ఆరాక మరొకటి వేయించండి. వాసనను కర్రలోనే బంధించడంలో లక్కను మించింది నేను చూడలేదు. అడుగున నేలను తాకే కొసకు, గోడలోకి పోయే వెనుక వైపుకు కూడా కుంచె అందినంత మేర పట్టించమని వడ్రంగికి గట్టిగా చెప్పండి. కర్ర తడిని పీల్చేది ఆ కొసలోంచే, పనివారు వదిలేసేదీ దాన్నే. స్పిరిటు వాసన పోయే దాకా, రెండు రోజులు, అమ్మగారినీ పిల్లినీ ఆ వైపు రానివ్వకండి. లక్క కర్రకే, సున్నపు గోడకు మాత్రం వేయించకండి.

కొత్త గచ్చు అతుకుకు మూడు వారాల తడుపు పూర్తయ్యాక ఒక నెల ఆరనివ్వండి. గోడ సున్నం ఫాల్గుణంలో కొట్టించండి, పల్చగా మూడు పూతలు, పూతకూ పూతకూ ఒక రోజు ఎడం ఉండాలి. అంతకు ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గోడ మీద చేయి వెడల్పు మేర సున్నం రాసి, పావుగంట తర్వాత దగ్గరగా వాసన చూడండి. ఘాటు లేస్తే లోపల ఉప్పు ఇంకా మిగిలినట్టే, మట్టి మరో విడత పట్టించాలి. లేవకపోతే మేస్త్రిని పిలవండి.